ఎనిమిదింటి మంచు

ఓర్లాండోలో డిసెంబరంటే
పొద్దున ఒంటిమీద స్వెట్టరు, మధ్యాహ్నానికి అదే నడుముకి.
పార్కు గేటు దగ్గర, ఎండలో,
అల్లం బిస్కెట్ మనిషి వేషంలో ఎవరో చేతులూపుతున్నారు.
మా విద్నా ఫోటో దిగి వచ్చి
"అమ్మమ్మా, లోపల ఎవరో ఉన్నారు, రొప్పుతున్నారు" అంది నా చెవిలో,
దొంగను పట్టినట్టు.

టికెట్లు ఒక్కరోజుకే.
కాఫీ డబ్బాలో ఏడాదంతా వేసిన చిల్లరా,
పని మానేసిన రోజున చర్చివాళ్ళు చేతిలో పెట్టిన కవరూ
కలిపితే ఇద్దరికి సరిపోయింది.
రైలుబండి ఆటకి డెబ్భై అయిదు నిమిషాల క్యూ.
ముందున్న ఒహాయో పెద్దాయన తన మడత కుర్చీ నాకిచ్చి
"ఇంటి దగ్గర నిజం మంచు, పారతో ఎత్తి ఎత్తి నడుం పోయింది.
అబద్ధం మంచు చూద్దామని వచ్చాం" అన్నాడు.
నేను పుట్టిన హైతీలో రెండూ లేవు. నవ్వి కూచున్నాను.

సాయంత్రం సరస్సు మీద పడవ.
డబ్బులక్కర్లేదు, ఒక్కో హోటలు ముందూ ఆగుతుంది.
గది తీసుకోనివాళ్ళూ దిగొచ్చు, చెట్టు చూడొచ్చు,
సోఫాలో కూచోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు.
ఈ సంగతి తెలియడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది.

మొదటి హోటల్లో నాలుగంతస్తుల చెట్టు.
రెండోదాంట్లో అల్లం రొట్టెలతో కట్టిన ఇల్లు,
ఈ దేశంలో నేను మొదట అద్దెకున్న గది కంటే పెద్దది.
విద్నా గోడ నాకబోయింది.
"వద్దే, వార్నిష్ వేసుంటారు" అన్నాను.
వేశారో లేదో నాకేం తెలుసు.

మూడోది మాది.
మాది అంటే,
దాని అడుగున, వంటింటికీ జనరేటరుకీ మధ్య
కిటికీ లేని హాల్లో
పందొమ్మిది క్రిస్మస్‌లు నేను దుప్పట్లు ఉతికాను.
డిసెంబరు మరకలు వేరు.
కోకో, మెరుపు పొడి, దేవదారు జిగురు.
ఒకసారి దిండు గలీబులో ఒక పాలపన్ను.
కవర్లో పెట్టి, గది నంబరు రాసి పైకి పంపాం.
అందిందో లేదో ఎవరూ చెప్పలేదు.

పైన పియానో మోగేది.
డ్రయ్యర్లన్నీ ఒక్కసారి ఆగితే వినబడేది,
ఒక ముక్క,
మళ్ళీ డ్రయ్యరు.
ఆ పాట ఎలా ముగుస్తుందో
నేనూ లుజ్విమిందా డాలరు పందెం వేసుకున్నాం.
పైకి గెంతుతుందని నేను.
మొదటికే వస్తుందని ఆమె.

ఇవాళ లాబీ సోఫాలో కూచున్నాను.
మెత్తగా ఉంది. అంతే.
ఇంకేదో ఉంటుందనుకున్నాను.
పియానో ఆయన మొదలుపెట్టాడు, అదే పాట,
మధ్యలో ఏ యంత్రమూ అడ్డం రాలేదు.
మొదటికే వచ్చింది, ఇంకాస్త నెమ్మదిగా.
లుజ్విమిందాకి డాలరు బాకీ.

ఎనిమిదింటికి బయట మంచు మొదలైంది.
చూరు కింద దాచిన గొట్టాల్లోంచి
ఈతచెట్లంత పొడవున్న పామ్‌చెట్ల మీదికి, తోపుడుబళ్ళలో నిద్రపోయిన పిల్లల మీదికి.
పెద్దవాళ్ళు కూడా అరచేతులు చాచారు.
నేనూ చాచాను.
పడిందాన్ని రెండువేళ్ళ మధ్య రుద్దాను.
సబ్బు.
వాసన లేనిది, కంట్లో పడ్డా మండనిది, ఖరీదైన రకం.
నా చేతులకి ఎవరూ అబద్ధం చెప్పలేరు.

"కరగట్లేదేం?" అంది విద్నా.
"కరుగుతుంది, కాస్త ఆలస్యం."
"నీ జుట్టు మీద నిలిచిపోయింది."
"ఉండనీ."

పందొమ్మిదేళ్ళు మోచేతుల దాకా ఇందులోనే ఉన్నాను.
పైనుంచి పడగా చూడ్డం ఇదే మొదలు.

ఆఖరి పడవలో విద్నా నా ఒళ్ళో నిద్రపోయింది,
సగం తిన్న బిస్కెట్ గుప్పిట్లోనే ఉంది.
స్వెట్టరు మీద పాకం మరక.
చల్లనీళ్ళు, రెండు చుక్కల వెనిగరు, పోతుంది.
తొందరేం లేదు.