ఇరవై ఐదు లింకులు

నక్షాలో అది రెండు చుక్కల గీతలు,
మధ్యలో సన్నటి అక్షరాలు: బండ్ల రస్తా.
బయట అది
ఒక చీనీ తోట ముళ్ళకంచె,
పూడిపోయిన బోరు గుంత,
మనిషెత్తు సీమజాలి.
ఆ తర్వాత ఏమీ లేదు.

నేను ఈ పంచాయతీ కార్యదర్శిని.
రాయదుర్గం బస్సు దిగి ఏడు నెలలు.
కుళాయి పన్ను, వీధి దీపం, చచ్చిన కుక్క
ఇవే నా పనులనుకున్నాను.
దారి కూడా నా రిజిస్టర్లో ఉందని
మారెక్క వచ్చి చెప్పేదాకా తెలీదు.

మారెక్కకు రెండు గాడిదలు.
ఒకదాని పక్కటెముకల మీద
కంచె గీసిన ఎర్రటి గీత.
"సారూ, మూటలేస్తే ఇది వెడల్పయితాది,
దారేమో దినాం సన్నమయితాంది.
నువ్వే చెప్పు, దేన్ని కోసుకోవల్ల?
మూటనా, గాడిదనా?"
అర్జీ నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేసి
మిగిలిన సిరాను గాడిద వీపుకు తుడిచింది.

గ్రామసభకు ఇరవై మంది.
అందులో సగం నీడ కోసం వచ్చినవాళ్ళు.
తోట తిప్పారెడ్డి లేచాడు:
"ఇప్పుడెవురు నడుస్తాండారప్పా?
అందరికీ మోటరుసైకిళ్ళుండాయి కదా!"
వెనక నుంచి కురుబ ఎల్లప్ప:
"నా గొర్రెలకు ఇంగా లైసెన్సు రాలేదు రెడ్డీ."
ఆ నవ్వును మినిట్స్ పుస్తకంలో
ఎట్లా రాయాలో తెలీక
'సభ్యులు చర్చించారు' అని రాశాను.

సర్వేయరు జాఫర్ వలీ వచ్చిన రోజు
ఎండ చెనిక్కాయ పొట్టులా చిటపటలాడింది.
గొలుసు పట్టే సుంకన్న ఒకటే అన్నాడు:
"ముందు రాయి ఎతకండి. మిగతాదంతా నోరు."
తంగేడు పొద కింద, మోకాలి లోతున
దొరికింది హద్దురాయి.
ఎద్దు పండ్లు చూసి వయసు చెప్పేవాడిలా
దాని మీది బాణం గుర్తును వేలితో తడిమి
సరేనన్నట్టు ఉమ్మేశాడు పక్కకు.

ఇరవై ఐదు లింకులు.
రెండు బండ్లు ఎదురైతే
ఎడ్లు ఒకదాన్నొకటి వాసన చూసుకుని
దాటిపోయేంత.
ఎవరు తేల్చారో ఆ వెడల్పు,
ఎన్ని కొట్లాటలు చూసినాక!

కంచె పదకొండు లింకులు ముందుకొచ్చింది.
ఆ పదకొండులో మూడు చీనీ చెట్లు,
కాపు మీదున్నవి.
తిప్పారెడ్డి మాట్లాడలేదు, కాయల్ని చూశాడు.
నేనూ చూశాను.
కాపు దిగేదాకా చెట్లుండనీ, కంచె తియ్యమన్నాను.
అట్లా అనే అధికారం నాకుందో లేదో
ఇప్పటికీ ఏ జీవోలోనూ వెతకలేదు.

గొలుసు సాగింది.
వంక దిగి, దిబ్బలెక్కి, నీళ్ళ తొట్టి పక్కగా
ఊళ్ళోకొచ్చి
ఒక గోడకు తగిలి ఆగింది.
"ఎవరిదీ గోడ?"
పుస్తకంలోంచి తలెత్తకుండా అడిగాడు జాఫర్ వలీ.
ఎవరూ చెప్పలేదు.
నీలం రంగు అక్షరాలే చెప్పాయి:
గ్రామ పంచాయతీ కార్యాలయం.

తిప్పారెడ్డి అప్పుడు నవ్వాడు,
కడుపు పట్టుకుని, కట్ట మీద కూలబడి.
నేను బండి నిలబెట్టుకునే నీడ,
జెండా దిమ్మె, సగం మెట్టు
తొమ్మిది లింకులు మావి కావు.

సర్పంచు హనుమక్క రాత్రంతా ఆలోచించి
పొద్దున్నే సంతకానికొచ్చింది:
"మంది కంచె పీకి మన గోడ దాచుకుంటే
నేను నీళ్ళకు ఏ మొకంతో పోవల్ల?"
తీర్మానం పద్నాలుగు. మొదటి గడ్డపార
మా గోడకే.

తర్వాత కరువు పని, ముప్పై రెండు మంది, ఆరు దినాలు.
జాలిని వేళ్ళతో పెకలించారు.
వంకలో బండలు పరిచారు,
గిట్ట జారకుండా గరుకు పక్క పైకి పెట్టి.
కొలతల పుస్తకంలో ఘనపు మీటర్లు నింపాను.
గరుకుదనానికి గడి లేదు.
ఒక్క వాన చాలు, జాలి మళ్ళీ లేస్తుంది.
అందుకే ఆ ఫైలు మూయలేదు.

మరుసటి పొద్దున మారెక్క వచ్చింది.
ఎవరివంకా చూడలేదు. మూటలు ఊగుతున్నాయి.
ముందు గాడిద తోట దగ్గరికొచ్చి,
పదహారడుగుల ఖాళీ ఎదురుగా ఉన్నా,
పక్కటెముకలు లోపలికి లాక్కుని
లేని ముల్లుకు ఒదిగి
నడిచిపోయింది.