ఊపిరి వస్తోంది, స్వరం రావడం లేదు

మా హెల్వే అత్త విల్యాండిలో
అకార్డియన్లు బాగుచేస్తుంది.
నాది జనాన్ని రప్పించే పని.
ఏ మాట ఎరవేస్తే ఎన్ని చేపలో
లెక్కగట్టి అమ్ముతాను.

"చవక, దగ్గర, వెంటనే.
ఈ మూడూ ప్రతి వాక్యంలో ఉండాలత్తా" అన్నాను.
ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి చూసి
"చవకా కాదు, వెంటనే అసలే కాదు.
దగ్గరంటావా, ఎవరికి?" అంది.

అయినా రాశాను. ఫిబ్రవరిలో
నాలుగువేల మంది తొంగిచూశారు.
గ్రాఫు నిక్కబొడుచుకుంది.
తలుపు గంట రెండుసార్లు మోగింది,
రెండుసార్లూ పోస్టుమనిషే.

మార్చిలో నేను టార్టు వెళ్లొచ్చేసరికి
నా మాటలన్నీ కొట్టేసి తనే రాసుకుంది:
తేమకి మైనం వదిలేసిన రీడు ఎలా గొణుగుతుందో,
తిత్తి మడతలో చిరుగుంటే
చెంపకి ఎంత చల్లగా తగులుతుందో,
ఒక పాత పెట్టెలో దొరికిన ఎండుటాకుని
మళ్లీ అక్కడే ఎందుకు పెట్టేసిందో.

గ్రాఫు నేలకరిచింది.
నేను తల పట్టుకున్నాను.

ఏప్రిల్లో ఓ సాయంత్రం
హీయుమా దీవి నుంచి పడవెక్కి, రెండు బస్సులు మారి
దుప్పట్లో చుట్టిన పెట్టెతో ఒకాయన దిగాడు.
మా సంగతి ఎలా తెలిసిందన్నాను, అలవాటు కొద్దీ.
రాత్రి మూడింటికి వెతికాడట,
అచ్చంగా ఈ మాటలతో:
నాన్న అకార్డియన్‌లో ఊపిరి వస్తోంది,
స్వరం రావడం లేదు.

ఆ మాట నా జాబితాలో లేదు.
నెలకి ఎందరు వెతుకుతారో చూశాను.
సున్నా.

అత్త అప్పటికే పెట్టెకి చెవి ఆనించింది.
సున్నా మా ఎదురుగా కూర్చుని
టీ తాగుతున్నాడు,
చేతితొడుగులు ఇంకా తియ్యకుండానే.