పండుకాయ రంగు

పొదలకూరు నిమ్మకాయల యార్డు పక్క మేడగదిలో
మూడు బ్రౌజర్లు తెరిచి కూర్చున్నాను.
క్రోమ్‌లో బాగుంది. ఫైర్‌ఫాక్స్‌లో బాగుంది.
సఫారీ చూడ్డానికి
కరెంటాఫీసులో చేసే మా మరిది ఐఫోను అడుక్కున్నాను.
మూడింట్లోనూ
తొడిమ దగ్గర పచ్చగా మొదలై
కాయ పండినట్టే పండింది రంగు.
రేట్ల గడులు గాజు వెనక మసకలో తేలాయి.
నన్ను నేనే మెచ్చుకుని టీ చెప్పాను.

అప్పుడొచ్చాడు పెంచలయ్య,
తాటిపర్తి నుంచి పదకొండు బస్తాలతో.
ఏడేళ్ల ఫోను, అద్దం మీద సెల్లోటేపు.
"ఏంది పాపా, రేటేదీ?"

తెల్లటి పేజీ. తెల్లటి అంకెలు.

బ్రౌజరుకు తెలియని మాట ఎదురైతే
అరవదు, అలగదు.
ఆ ఒక్క వరస దాటేసి కిందది చదువుకుంటుంది,
అయిదుతో బడి మానేసిన మా అమ్మ
పేపరు చదివినట్టు.
అందుకే పాత రంగు ముందు రాస్తాం,
కొత్తది దాని కింద.
తెలిసినవాడు రెండోది తీసుకుంటాడు,
తెలియనివాడికి మొదటిదుంది.

అంత మంచిదానికీ ఒక మొండితనం.
కామాలు పెట్టి నలుగురిని ఒకే పిలుపున పిలిస్తే
అందులో ఒక్కరు కొత్తముఖమైనా
నలుగురికీ పీట వెయ్యదు.
నేను పిలిచింది అట్లాగే.
"హ్యాజ్" అనే కొత్త చుట్టాన్ని తెచ్చి
రేటు, తేదీ, రకం పక్కన కూర్చోబెట్టాను.

విడదీశాను. ఎవరి వరస వాళ్లకు.
గాజు మసకని "సపోర్ట్స్" గడప లోపలికి జరిపాను:
ఇది తెలుసా? తెలిస్తేనే రా.
టీ మీద మీగడ కట్టింది.

పెంచలయ్య వేలితో పేజీని కిందికి లాగాడు.
అంకెలొచ్చాయి, నల్లగా, లావుగా.
మసక లేదు, నీడ లేదు, వెనక ఒకటే పసుపు.
చాలాసేపు చూశాడు.
రేటు పడిపోయిందని చూస్తున్నాడనుకున్నా.

"రేటు సరే. ఈ పసుపేంది?
ఇది పండుకాయ పాపా.
ఈ రంగొస్తే ఢిల్లీ లారీ ఎక్కదు,
ఊరగాయోళ్లు కూడా బేరమాడతారు.
మా కాయ రేటు వెనక దీన్నెవురు పెట్టమన్నారు?"

గోతంలోంచి ఒకటి తీసి
కీబోర్డు పక్కన పెట్టాడు.

పాతఫోన్ల కోసం ఉంచిన వరసలో
ఏదో ఒకటి లెమ్మని నేను పడేసిన రంగది.

కాయని తెరకు ఆనించి
ఆరక్షరాల కోడు మార్చడం మొదలుపెట్టాను.
ఇంకొంచెం పచ్చ, అన్నాడు.
ఇంకొంచెం.
కింద లారీ హారను కొడుతోంది.