వినబడలేదు

బ్రాడీపేట నాలుగో లైనులో, మేడమీది గదిలో
నా కంప్యూటరుకి ఒక ఈగ ఉండేది.
హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, చెవిలో వాలేది.
మౌసు కదిపితే జుయ్యిమనేది,
ఆపితే ఆగేది,
పేజీ కిందికి జరిపితే గొంతు మార్చి
ఎక్కడో చిన్న కత్తిని సానబెడుతున్నట్టు కీచుమనేది.

నా పని వినడం. విన్నది టైపు కొట్టడం.
నిమిషానికి పన్నెండు రూపాయలు.
మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల మాటలు,
ఎవరో చదువుకునేవాళ్లు ఫోనులో పట్టుకొచ్చిన
నలభై ఒక్క ఫైళ్లు.
ఈగ అడ్డం వచ్చిన చోటల్లా
బ్రాకెట్టు తెరిచి, వినబడలేదు అని కొట్టి,
మూసేదాన్ని.
ఆ మాటకి కూడా డబ్బులిస్తారు.

పదిహేడో ఫైలు మస్తాన్‌బీ.
"పొద్దున ఆరింటికి టిక్కీ ముందు కూర్చుంటే..."
వినబడలేదు.
"రాత్రికి చేతులు..."
వినబడలేదు.
"గాలాడట్లేదని అడిగితే షావుకారు..."
వినబడలేదు.
ఆమె బతుకు సగం నా బ్రాకెట్లలో ఉంది.

హెడ్‌ఫోన్ మార్చాను, రెండుసార్లు.
వైరుకి టేపు చుట్టాను.
మా అత్త ఒక రాత్రి దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది,
అదీ అయింది.

అరండల్‌పేటలో రిపేరు కొట్టు బాజీ
సోల్డరు పొగలోంచి తలెత్తి నవ్వాడు.
"హెడ్‌ఫోన్ తప్పు కాదు మేడం.
ఆ డబ్బాలో ఫ్యాను తిరుగుద్ది, డిస్కు తిరుగుద్ది,
కరెంటు ఉరుకుద్ది.
అంత రద్దీలో శబ్దాన్ని వండమంటే ఎట్టా?
వంట బయటికి తెచ్చెయ్యాలి,
ఆరుబయట పొయ్యి పెట్టినట్టు."
అగ్గిపెట్టెంత నల్ల డబ్బా చేతిలో పెట్టాడు.
ఒక పక్క యూఎస్‌బీ తోక, ఒక పక్క హెడ్‌ఫోన్‌కి నోరు.
పద్దెనిమిది వందలన్నాడు, పదహారువందల యాభైకి దిగాడు.
అంటే నూట ముప్ఫై ఏడున్నర నిమిషాల వినికిడి.

గుచ్చాను. చిన్న నీలం దీపం.
మౌసు కదిపాను.
ఏమీ లేదు.
బల్ల తుడుస్తున్నట్టు అటూ ఇటూ కదిపాను.
ఏమీ లేదు.
ఈగ పోయాక తెలిసింది,
ఇన్నాళ్లూ నా భుజాలు చెవుల దగ్గర ఉన్నాయని.

పదిహేడో ఫైలు తెరిచాను.
గోనెసంచి ఈడుస్తున్నారు ఎవరో.
లారీ వెనక్కొస్తోంది.
తొడిమ తుంచిన చప్పుడు, టిక్, టిక్,
మాట్లాడుతూనే ఉంది, చేతులు ఆగలేదు.
బ్రాకెట్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి:
"...మజ్జానానికి ఏళ్లు నాయి కావు."
"...మజ్జిగలో ముంచుకుని పడుకుంటా."
"...ఫ్యానేస్తానన్నాడు. ఫ్యానేస్తే ఘాటు ఇంకా లేస్తది గదా, అందుకే
వద్దన్నాం. మేమే వద్దన్నాం."
అక్కడ నవ్వింది. నవ్విందని నాకు తెలీదు ఇన్నాళ్లూ.

ఒక్కటి మాత్రం పోలేదు.
ప్రతి మాట చివరా సన్నటి గరగర.
వైరు ఊపాను. డబ్బా తీసి మళ్లీ గుచ్చాను.
బాజీకి ఫోను చేశాను, ఇంకా కాస్త మిగిలిపోయిందని.
"ఏదన్నా పాట పెట్టి చూడండి మేడం."
పెట్టాను. కడిగిన గ్లాసులా ఉంది.
మళ్లీ మస్తాన్‌బీ. గరగర.
అది కంప్యూటరుది కాదు.
ఇరవై రెండేళ్లు టిక్కీల ముందు కూర్చున్న గొంతుది.
థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాను.
ఈ వంట బయటికి తేవడం బాజీకి రాదు.

నాకిచ్చిన కాగితంలో నాలుగో నియమం:
దగ్గులు రాయనక్కర్లేదు.
బ్రాకెట్టు తెరిచాను.
దగ్గు, అని కొట్టాను.
మూశాను.
ఆ ఒక్క ఫైల్లో అరవై మూడు సార్లు.
దానికి డబ్బులివ్వరు.

పద్దెనిమిదో ఫైలు తెరిచాను.