చైన్‌మన్ కూతురి అర్జీ

సప్తగిరి సర్కిల్ పక్క సందులో నెట్ సెంటరు.
కరెంటు పోయి వచ్చేలోపల
పిల్లోడు మూడుసార్లు అడిగినాడు,
"పేరు ఆధార్‌లో ఉన్నట్టే చెప్పక్కా."
దూదేకుల మస్తానమ్మ.
"తండ్రి?"
కుళ్లాయప్ప. సర్వే ఆఫీసులో చైన్‌మన్.
"చైన్‌మన్‌కు కాలమ్ లేదక్కా."

లేకపోతే పోనీలే.
ముప్పై ఏండ్లు ఆ ఇనుప గొలుసు ఈడ్చి ఈడ్చి
నాయన అరచేతిలో ఒక గీత చెరిగిపోయింది.
ఏ హద్దురాయి కింద బొగ్గులు పోసి పాతినారో,
ఏది రాత్రికి రాత్రి నాలుగడుగులు జరిగిందో
అన్నీ ఆయనకు ఎరుకే.
"రాళ్లకు గూడా కాళ్లుంటాయి మ్మే,
చీకటి పడాల, అంతే."

పాన్ కార్డు పెట్టినా.
మూడేండ్ల ఆదాయం లెక్కలు పెట్టినా,
మొదటి ఏడాది అంకె చూసి
పిల్లోడు నవ్వబోయి ఆపుకున్నాడు.
ఫోటోకు కొంగు సర్దుకోమన్నాడు స్టూడియో అతను,
సర్దుకుంటే వేరే ఎవరో మాదిరి పడినా.
పదివేలు ఫీజు.
చెవుల దుద్దులు కుదువ కొట్లో ఉండాయి.

"ఇంతకుముందు ఈ పని చేసినారా?"

పద్నాలుగేండ్లు.
బుక్కరాయసముద్రం రోడ్డులో చెనిక్కాయ చేన్లు
రంగు జెండాల చేన్లు అయ్యేటప్పుడు
గొడుగు పట్టుకొని నిలబడినా.
కాలేజీ వస్తాది, బైపాస్ వస్తాది,
రానివన్నీ నోటితో రప్పించినా.
అప్పుడు నా పేరు బ్రోకరమ్మ.
రెండు పర్సెంటు అని ఒకటి ఇచ్చేవాళ్లు,
ఒకటి అని టీ తాగించి పంపేవాళ్లు.

"మీ మీద కేసులు, ఫిర్యాదులు ఏమన్నా ఉన్నాయా?"
అడుగుతానే వాని వేలు 'లేవు' మీదికి పోయింది,
అలవాటుగా.

ఓబుళమ్మ కేసు పెట్టలేదు.
బడిలో పిల్లోళ్లకు బువ్వ వండే ఓబుళమ్మ
చీటీ ఎత్తి, నా మాట మీద
ముప్పై ఏడో నంబరు ప్లాటు కొనింది.
"ఇసుక మెత్తగా ఉండాదే" అని కాలితో రాస్తే
"పునాదికి మంచిది" అన్నా.
చైన్‌మన్ కూతురికి తెలీకపోతే ఎవరికి తెలుస్తాది?
అది వంక.
పదేండ్లుగా నీళ్లు పారని వంక.
మా జిల్లాలో వాన రాదనే ధైర్యంతోనే
చానా అబద్ధాలు బతుకుతాయి.

ఆ అక్టోబరులో వంక తన దోవ వెతుక్కుంటా వచ్చింది.
లేఅవుట్ పటం చూడలేదు.
తెల్లారి పోతే
నడుమెత్తు లేచిన గోడలు లేవు.
పన్నెండు సిమెంటు మూటలు మాత్రం
తడిసి, మూటలు మూటలుగానే బిగుసుకొని
హద్దురాళ్ల మాదిరి కూర్చోనుండాయి.

ఆమె తిట్టలేదు.
ఇప్పటికీ పాతూరు కూరగాయల దగ్గర కనపడితే
"బాగుండావా మస్తానమ్మా" అంటాది.
దాన్ని ఏ కాలమ్‌లో రాయాల?

"లేవు అని కొట్టేనా అక్కా?"
కొట్టు అన్నా.

నెల దాటినాక నంబరు వచ్చింది,
ఐదేండ్లు చెల్లే కాగితం.
లామినేషన్ చేయించి గోడకు కొట్టినా,
జాగా చాలక నాయన ఫోటో రొంత జరిపి.

మొదటి పార్టీ ధర్మవరం ఆయప్ప,
మగ్గాలు రెండూ అమ్మేసిన దుడ్డు సంచిలో ఉండాది.
కంపెనీ కుర్రోడు పటం పరిచినాడు,
"ఇరవై రెండు, కార్నర్ బిట్, చూపించండి మేడం."
నంబరుతో మేడం అయినా.

ఇరవై రెండులో చెప్పు విడిచి
కాలితో రాసినా.
ఇసుక.
నాయన దగ్గర గొలుసుండేది,
నా దగ్గర నోరుండాది.
"ఇది వద్దన్నా, వంక.
పద్దెనిమిది మెరక. దానికైనా
కాగితాలు చూసినాకే అడ్వాన్సు."

కుర్రోడు ఫోను తీసుకొని పక్కకు పోయినాడు.
ఇంగ ఆ కంపెనీ నన్ను పిలవదు.
దుద్దుల వడ్డీ ఐదో తారీఖు.

ఆయప్ప ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని
"యాడుండాదమ్మా వంక? చుక్క నీళ్లు లేవే" అన్నాడు.

గుట్ట మొదలు నుంచి
కరెంటు స్తంభం దాకా గాల్లో వేలుతో గీసినా.
వేలు రొంత వణికింది,
గీత వంకరగా వచ్చింది.
వంక గూడా అట్లే పోతాది.