గుంతకల్లులో పోకమొక్క

వాస్కో బండి దిగి
గార్డు పెట్టెలోంచి తీసినాడు మా నాయన
తడిగుడ్డ చుట్టిన పోకమొక్క.

"ఈ ఎండకా!" అనింది
పక్క క్వార్టర్ ఇమాంబీ.

పైన గోనెపట్ట,
మొదలు చుట్టూ శనక్కాయ పొట్టు.
ట్యాంకరు వచ్చిన రోజు
బియ్యం కడిగిన నీళ్లు దానికి,
రాని రోజు
మేం మొగాలు కడిగినవి.

రెండు ఎండాకాలాలు ఆకుల కొసలు మాడినాయి.
మూడోదానికి
ఒకే వారంలో వచ్చినాయి
మొక్కకు కొత్త మట్ట,
నాయనకు నంద్యాల బదిలీ కాగితం.

పెకలిస్తే చస్తుంది.

కొత్తగా దిగిన టీసీ పెండ్లానికి
తాళంచెవితో పాటు
మాయమ్మ చెప్పిన మాట:

"పడమటెండ పడనీయొద్దు.
పొద్దుగూకినంక తలమీద నీళ్లు చల్లండి.
సముద్రమేదని అడిగితే
ట్యాంకరు రేపొస్తుందని చెప్పండి."