ఇరవై రెండు అక్షరాలు

కావ్‌ష్యుంగ్ రేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపాడు
షీ జిన్‌తు.
రాత్రి డ్యూటీలో కునుకు పట్టకుండా
రోడ్డు పక్క అద్దాల గదిలో, రంగు దీపాల కింద
పొట్లాలు కట్టి అమ్మే పచ్చి వక్క నమిలేవాడు.
ఆకాశంలో కూచుని ఓడల్ని ఖాళీ చేసినవాడికి
ఇప్పుడు నోరు రెండు వేళ్ల మందమే తెరుచుకుంటుంది.
భార్య చిలగడదుంప గంజి వడగట్టి
గొట్టంలో పోస్తుంది.

బుగ్గలోంచి కోసిన ముక్క, పెసరబద్దంత,
నాలుగో అంతస్తులో తు వాన్‌రోంగ్ చేతికొచ్చింది.
పేరు చెరిపేసి నంబరు వేశారు.
నూట పదిహేడు.

ఆమె ప్లాటినం మందు పోసింది.
గిన్నె అడుగున కణాలు
పొయ్యి సెగకి అప్పడాల్లా ముడుచుకున్నాయి,
వందకి తొంభై ఎనిమిది.
మిగిలినవి ఏమీ ఎరగనట్టు
నీళ్లలో తేలుతూ తేలుతూ
పది రోజుల్లో గుండ్రటి బంతి కట్టాయి.

తుంగ పీకినవాళ్లకి తెలుసు ఇది.
గడ్డి గుప్పిట్లోకి వస్తుంది, మడి నున్నగా కనబడుతుంది,
గట్టు మీద కూచుని చెమట తుడుచుకుంటాం.
కింద గడ్డ
తర్వాతి వానకోసం చెవి ఒగ్గి పడుకుంటుంది.
వాన్‌రోంగ్ దాన్ని మూలకణం అంటుంది.

గడ్డని తవ్వే పార కోసం ఆమె వెతికింది
ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలో.
అది ప్రొటీన్ వండదు, గోడ కట్టదు,
పైవాళ్ల ఉత్తరాలు దారిలో పట్టుకుని
ఎవరూ చదవకుండా ఆపుతుంది, అంతే.
ఇరవై రెండు అక్షరాలు.
మా మహాస్రగ్ధర పాదానికి సరిగ్గా అన్నే.
ఒక్క గణం తప్పితే పద్యం కుంటుతుంది;
పాదమే మాయమైతే
కణం తన వయసు మరిచిపోతుంది,
ఏ పనీ నేర్వని పిండంలా
పుడుతూనే ఉంటుంది.

నూట పదిహేడులో ఆ పాదం దాదాపు లేదు.
కొవ్వు బుడగలో చుట్టి లోపలికి పంపింది.
మూడో రోజు బంతి అంచు చెదిరింది.
ఐదో రోజు అదే మందు, సగం మోతాదు.
సూక్ష్మదర్శినిలో చూసి,
లేచి మంచినీళ్లు తాగి,
మళ్లీ వచ్చి చూసింది.

వార్డులో జిన్‌తు పలక మీద రాశాడు:
అది నాకు ఎక్కిస్తారా?
గిన్నెలో అయింది, ఎలుకలో కావాలి, ఆ తర్వాత
అని రాయబోయి, అరచేత్తో చెరిపి,
ఇంకా లేదు, అని రాసింది.
అతను సగం మూతితో నవ్వాడు,
ఓడ ఆలస్యమని కబురొస్తే నవ్వే నవ్వు.
క్రేను మీది మనిషికి అలవాటే,
తనెత్తిన పెట్టె ఎవరింటికి చేరిందో చూడకపోవడం.

చలికాలంలో పోయాడు.

వసంతంలో చేపల బజారులో అతని భార్య ఎదురైంది.
మీ ఆయన్ని చంపింది ఇంకా బతికే ఉందని,
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
రెండ్రోజులకోసారి దానికి నేనే అన్నం పెడుతున్నానని
ఎలా చెప్తుంది?
నోట్లో నువ్వుగింజ నానని వాన్‌రోంగ్
ఆ పూట
"చేపలు తాజాగా ఉన్నాయి" అంది.

రాత్రి ఇంక్యుబేటర్ మీద
ఎవరో పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంది,
యంత్రాలు మొరాయించకుండా అక్కడి ఆనవాయితీ.
తేదీ చూసింది. గడువు దాటింది.
కిందికి దిగి కొత్తది కొని తెచ్చి పెట్టి
తలుపు తెరిచి
నూట పదిహేడుని బయటికి తీసింది.